పౌడర్ రాని వారం

గాలయ్య రెండు చేతులూ మంచం పట్టెలకు కట్టేసి ఉన్నాయి. ఒకటి కోడలు సుమన తన చున్నీతో కట్టింది. రెండోది భార్య ఐలవ్వ పాత చీర పేలికతో కట్టింది. కట్టినా ఆ చేతులు ఊరుకోవడం లేదు. కుడిచెయ్యి కల్లు లొట్టిని వంచుతోంది, ఎడమచెయ్యి ముంతను పట్టుకుంటోంది. అక్కడ లొట్టీ లేదు, ముంతా లేదు. డాక్టర్ నవోమి దవాఖానాలో, పొద్దున పదకొండున్నర వేళ, డెబ్బై మూడేళ్ల మనిషి ఉత్త గాలిని వంచి పోస్తున్నాడు.

“దుర్గయ్యా, దుకాణం గప్పుడే మూసినవా? కూసో. నురుగు దిగనియ్యి,” అన్నాడు గోడకేసి చూసి.

దుర్గయ్య పోయి పదహారేళ్లయింది. కోట కింద అతను నడిపిన కల్లు కంపౌండ్‌లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఐలవ్వ మంచం పక్క స్టూలు మీద కూర్చుని మొగుడి పెదవులు కొంగుతో తుడుస్తోంది. నిన్న సాయంత్రం మొదటిసారి ఫిట్స్ వచ్చి అతను కళ్లు తేలేసినప్పటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. ఏడిస్తే బాగుండునని సుమనకు అనిపించింది.

తలుపు అవతల వరండాలో డాక్టర్ నవోమి రత్నాకర్‌ను నిలబెట్టి అడుగుతోంది. రత్నాకర్ గాలయ్యకు ఒక్కగానొక్క కొడుకు. ఎనిమిదేళ్లుగా కంపౌండ్ నడుపుతున్నది అతనే.

“ఇంకోసారి అడుగుతున్న. మీ కల్లుల ఏం కలుపుతున్నరు?”

“ఏం కలుపం మేడం. చెట్టు మీదికెళ్లి దించింది దించినట్టు పోస్తం.”

“ఈ అయిదు రోజులు పోసింది అదే. గందుకే ఇంతమంది వచ్చి పడ్డరు. దాని ముందటి సంగతి నేనడిగేది.”

రత్నాకర్ నేలచూపులు చూశాడు. చూడకపోతే వరండా చూడాల్సి వస్తుంది. వరండాలో చాపల మీద పదకొండు మంది ఉన్నారు. ఒకతను ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని చొక్కా చింపుకుంటున్నాడు. ఇంకొకతను తన పేరు తనే అడుగుతున్నాడు. తాపీమేస్త్రి ఏలీయా పళ్లు కరుచుకుని వణుకుతుంటే, అతని భార్య సువార్తమ్మ రెండు మోకాళ్లతో అతని కాళ్లు నొక్కిపట్టింది. పదకొండు మందీ గాలయ్య కంపౌండ్‌లో రోజూ కూర్చునేవాళ్లే.

“వీళ్లకు అందాజ మీద సూదిచ్చి నేను చూసుకోగలుగుత. వయసుల ఉన్నోళ్లు, తట్టుకుంటరు,” అంది నవోమి. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. “మీ నాయినది అట్ల కాదు. నలభై ఏండ్లు చుట్ట తాగిన ఊపిరితిత్తులు. సూది తక్కువిస్తే ఫిట్స్ ఆగయ్. ఎక్కువిస్తే ఊపిరి ఆగుతది. ఏ మందుకు అలవాటు పడ్డడు, ఎంతకు పడ్డడు, ఈ రెండు తెల్వకుంట నేను చెయ్యి పెట్టలేను.”

“హైదరాబాద్ తీస్కపోతం మేడం.”

“ఎట్ల తీస్కపోతవు? బస్సులు లేవు. నర్సాపూర్ దాంక నాలుగు కాడ సమ్మెటోళ్లు రోడ్డు మీద కూసున్నరు. అంబులెన్స్‌కు తొవ్వ ఇస్తరు, కాదన. ఇచ్చినా మూడు గంటలు. ఇంకోసారి గట్టిగ ఫిట్స్ వస్తే ఆ మనిషి మూడు గంటలు ఆగడు.”

ఆమె లోపలికి వెళ్లిపోయింది. రత్నాకర్ స్తంభానికి ఆనుకుని అక్కడే ఉండిపోయాడు.

సకల జనుల సమ్మెకు అది నాలుగో వారం. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు, డిపోలో బస్సులు. తెలంగాణ వచ్చేదాకా కదలమని చౌరస్తాలో టెంట్లు. ఈ సమ్మె ఎన్నిటిని ఆపిందో పేపర్లు రోజూ రాస్తున్నాయి. ఒక్కటి మాత్రం ఏ పేపరూ రాయలేదు. ప్రతి సోమవారం హైదరాబాద్ నుంచి బస్సులో భుజానికి బ్యాగు తగిలించుకుని వచ్చే ఒక మనిషి రావడం మానేశాడు. ఆ బ్యాగులో కల్లులో కలిపే పౌడర్ ఉండేది. మూడు వారాలు పాతది సరిపోయింది. నాలుగో వారం డబ్బా అడుగు కనిపించింది.

అలా మెదక్‌లో గాలయ్య కంపౌండ్ మళ్లీ ఎనకటి లాగా అచ్చమైన కల్లు పోసింది. ఊరు మంచాన పడింది.

సుమన బయటికి వచ్చింది.

“చెప్పరాదా?” అంది.

“ఏం చెప్పాలె?”

“పౌడర్ పేరు. నాకెరికే, ఊరంత ఎరికే. డాక్టరమ్మకు గూడ సగం ఎరికే. నీ నోట్లకెళ్లి రావాలె, గంతే.”

“నోట్లకెళ్లి వస్తే కాగితం మీదికొస్తది. కాగితం మీదికొస్తే ఎక్సైజోళ్లు వస్తరు.”

“వాళ్లు సమ్మెల ఉన్నరు గదా.”

“సమ్మె ఒకనాడు అయిపోదా?”

సుమన అతని వంక చూసింది. తండ్రి లోపల చస్తుంటే సమ్మె అయిపోయాక రాబోయే కేసు గురించి ఆలోచించే మనిషితో పన్నెండేళ్లు కాపురం చేశానా అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. ఇంకో మాట అంది.

“మామ లొట్టి వేరే గదా. టేక్మాల్ చెట్ల నుంచి ఆయన కోసమే విడిగ వస్తది. ఇంకో లొట్టిని ఆయన మూతి కాడికి రానియ్యడు. మరి ఆయనకెందుకొచ్చింది ఈ రోగం?”

రత్నాకర్ కిటికీ వైపు తిరిగాడు.

“అండ్ల గూడ కలిపినవా?”

“మెల్లగ మాట్లాడు. మంది ఉన్నరు.”

“కన్నతండ్రి లొట్టిల గూడ కలిపినవా రత్నాకర్?”

పెళ్లయిన తర్వాత ఆమె అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. చాప మీద సువార్తమ్మ తలెత్తి చూసింది.

“కలిపిన అనుకో,” అన్నాడతను.

“అనుకునుడేంది?”

“అనుకో అంటున్న గదా. ఇగ ఇడిసిపెట్టు.”

అతని మొహంలో తప్పు చేసినవాడి భయం కంటే ఇంకేదో ఉంది. సుమనకు అది అర్థం కాలేదు. కోపంలో ఉంది కనుక అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు.

గేటు దగ్గర బండి ఆగింది. గీత కార్మికుల సంఘం కార్యదర్శి స్వామి దిగాడు. మెడలో గులాబి కండువా, చంకలో మడతపెట్టిన శాలువా. వరండాలో చాపలు చూసి ఒక్క క్షణం ఆగి, చూడనట్టే లోపలికి వచ్చాడు.

“తమ్మీ, నాయినకు ఎట్లుంది?”

“గట్లనే ఉన్నది స్వామన్నా.”

“పన్నెండు గంటలకు సభ. ఫ్లెక్సీ కట్టినం, చూసినవా? ఏడుగురి ఫోటోలు. ఆరింటికి దండలు ఏసినం. మీ నాయిన ఫోటో ఒక్కటే దండ లేకుంట ఉన్నది. ఆయన వచ్చి మైకుల ఆ ఆరుగురి పేర్లు చెప్పాలని మంది ఎదురు చూస్తున్నరు.”

సంగతి ఏమంటే, ఆ రోజు దీక్షా శిబిరంలో మెదక్ పాత కల్లు దుకాణదారుల యాది సభ పెట్టారు. ఒకప్పుడు ఊళ్లో ఏడు కంపౌండ్లు ఉండేవి. అప్పటి దుకాణాలకు బోర్డులు లేవు, మనిషి పేరే బోర్డు. కోట కింద దుర్గయ్య దగ్గరికి పొద్దుగూకిన తర్వాత చిరుతల రామాయణం ఆడేవాళ్లు చేరేవారు. పాత బస్టాండు దగ్గర ఐలయ్య, కూలి చేతికొచ్చిన రోజున ఎవడి పెళ్లాం గేటు దగ్గర నిలబడితే వాడికి రెండో ముంత పోసేవాడు కాదు. పెద్దబజార్‌లో ఎంకవ్వ చేతిలో ఎప్పుడూ ఒక బరిగె ఉండేది. మాట జారినవాడి వీపు మీద ఒక్కటి పడేది, వాడు మర్నాడు మళ్లీ వచ్చి ఆమె ముందే కూర్చునేవాడు. ఊళ్లో చావైనా, పంచాయితీ అయినా, పిల్ల సంబంధం అయినా ముందు ఆ కంపౌండ్లలో తేలేది. తర్వాత ఇంటికి చేరేది.

తొంభైలలో వైన్ షాపులు వచ్చాయి, చెట్లున్న చోట ప్లాట్లు వచ్చాయి. ఒక్కొక్కటే మూతపడ్డాయి. గాలయ్యది మాత్రం నిలబడింది. ఎందుకు నిలబడిందని ఎవరు అడిగినా గాలయ్య దగ్గర ఒక్కటే జవాబు ఉండేది. నియ్యత్. నీతి, నిజాయితీ అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నట్టు ఛాతీ మీద చెయ్యి వేసుకునేవాడు. ఒక్క గుక్కలో ఇది ఏ ఊరి కల్లో, చెట్టు ముదురో లేతో చెప్పే నాలుక అతనిది. పాపన్నపేట చెట్టునీ రేగోడ్ చెట్టునీ కళ్లు మూసుకుని పోల్చేవాడు. ఆ నాలుక మీద ఊరికి నమ్మకం ఉండేది. నమ్మకం ఉంది కనుకనే ఎవరూ రెండోసారి రుచి చూడలేదు.

“సభకు ఎట్ల వస్తడు అన్నా? చేతులు కట్టేసినం,” అన్నాడు రత్నాకర్.

స్వామి కిటికీలోంచి లోపలికి చూసి గొంతు తగ్గించాడు. “రాకుంటే రానియ్యి. పానం బాగలేదని చెప్త. కని తమ్మీ, ఒక్కటి యాదుంచుకో. పేపరోళ్లు టెంట్లనే ఉన్నరు. మన కల్లును బద్నాం చేసిన్రు, మన కల్లు మన పండుగ అని నేను పొద్దుగాల నుంచి మైకుల మొత్తుకుంటున్న. ఇయ్యాల ఈ దవాఖాన నుంచి పౌడర్ అనే మాట బయటికి పోతే నేను మైకు కింద పెట్టాలె. నేనొక్కన్నే గాదు, ఊర్ల చెట్లెక్కే రెండు వందల మంది మోకులు దండేనికి తలిగెయ్యాలె.”

“మా మామ పోయినా మంచిదేనా?” అంది సుమన.

“గట్ల ఎవరన్నరు బిడ్డా?”

“అంటనే ఉన్నరు గదా.”

స్వామి శాలువాను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. రెండు వందల మంది సంగతి కూడా అబద్ధం కాదు. అందుకే సుమనకు ఇంకా ఒళ్లు మండింది.

లోపలినుంచి గాలయ్య గొంతు గట్టిగా వినిపించింది.

“పారబొయ్యి. గిది కల్లు గాదు. ఎవడో మోసం చేసిండు నిన్ను. పారబొయ్యి.”

రత్నాకర్ కళ్లు మూసుకున్నాడు. గురువారం కూడా తండ్రి ఇదే మాట అన్నాడు. విడిగా వచ్చిన లొట్టిలోంచి ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. దుకాణంలోని లొట్లు కూడా ఒక్కొక్కటే రుచి చూశాడు, ఒక్కొక్కటే ఉమ్మాడు. కర్ర ఊతంగా లేచి ఏడు లొట్లూ కాలితో తన్ని మురికి మోరీపాలు చేశాడు. చెట్టు నుంచి వచ్చింది వచ్చినట్టు, చుక్క కల్తీ లేని కల్లు అది. ఆ మోరీ పక్కన నిలబడి రత్నాకర్‌కు నవ్వు రాబోయింది. నలభై ఏళ్ల నాలుక అసలు కల్లును గుర్తుపట్టలేదు.

“నాయినా,” అని పిలిచాడు కిటికీ దగ్గరికి వెళ్లి. గాలయ్యకు వినపడలేదు.

“ఎంకవ్వా, నువ్వు జెప్పు. నీ బరిగె తే. ఎవడు పోసిండో అడుగు,” అంటున్నాడు. అంటుండగానే మెడ వెనక్కి విరిగింది. కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. మంచం గోడకు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నవోమి పరిగెత్తుకుంటూ వచ్చింది. “పక్కకు తిప్పండ్రి. నోట్ల ఏం పెట్టకండ్రి. పక్కకు.”

సుమన భుజాలు పట్టుకుంది. రత్నాకర్ కాళ్లు పట్టుకున్నాడు. ఐలవ్వ అతని తల పట్టుకుంది. ఆమె చేతులు వణకలేదు.

ఎంతసేపో ఎవరికీ తెలియలేదు. ఆగాక గాలయ్య పెదవులు నీలంగా ఉన్నాయి. గొంతులో గురక. నవోమి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. సూది చేతిలో సిద్ధంగా ఉంది, కానీ గుచ్చలేదు.

“ఇప్పుడు చెప్తవా, ఇంకోసారి వచ్చినంక చెప్తవా?” అంది.

రత్నాకర్ గోడకు చారగిలబడ్డాడు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగే చప్పుడు కూడా వినిపించింది.

“డైజోఫాం, మేడం. నిద్రమందు.”

గుమ్మంలో ఉన్న స్వామి తల పక్కకు తిప్పుకున్నాడు.

“ఎంత?”

రత్నాకర్ తల అడ్డంగా ఊపాడు.

“ఎంత కలుపుతరు రత్నాకర్? రోజూ ఆయన కడుపులకు ఎంత పోయింది?”

“తెల్వదు మేడం.”

“కలిపేటోనికి తెల్వదా?” అంది సుమన. “గిప్పుడు గూడ దాస్తవా? ఆయన మొఖం చూసి గూడ దాస్తవా?”

“నిజంగ తెల్వదు సుమనా.”

చెప్పేటప్పుడు అతను సుమనను చూడలేదు. నవోమిని చూడలేదు. స్టూలు పక్కన నిలబడ్డ తల్లిని చూశాడు. చూసి వెంటనే కళ్లు దించుకున్నాడు. అంత చిన్న చూపు. సుమనకు పొద్దుటినుంచి అర్థం కానిది ఆ చూపుతో అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా ఆ క్షణమే అనిపించింది.

“వానికి తెల్వంది నిజమే,” అంది ఐలవ్వ.

నిన్న సాయంత్రం నుంచి ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

“అవ్వా, నువ్వు ఊకో,” అన్నాడు రత్నాకర్.

“ఊకుంటనే వచ్చిన బిడ్డా, పద్దెనిమిదేండ్లు. నువ్వు బ్యాగు తెచ్చిస్తవు, గంతే. కలిపేది నేను.” ఆమె నవోమి వైపు తిరిగింది. “లెక్కలు నాకు రావమ్మా. చెయ్యి లెక్కనే. పిండి లాంటిదేమన్న ఉంటే ఇయ్యి, చూపెడ్త.”

నవోమి అల్మారా తెరిచి గ్లూకోజు డబ్బా తీసి ఇచ్చింది.

ఐలవ్వ డబ్బా మూత తీసి, ఎడమ అరచేతిని కొద్దిగా గుంటగా పట్టింది. డబ్బాను ఒక్కసారి వంచి, బొటనవేలితో అంచు గీసి, మిగిలింది మళ్లీ డబ్బాలోకి రాల్చింది. ఇంకోసారి బొటనవేలు ఆడించింది. ఒక్క పలుకు కింద పడలేదు. ఏళ్ల తరబడి చేసిన పని అలాగే ఉంటుంది. ఆమె నోటితో ఏమీ చెప్పకపోయినా ఆ చెయ్యి చెప్పేది.

“గిది పెద్ద కుండకు,” అంది. “మొదట్ల చిటికెడే. పోను పోను గింత అయింది.”

“ఆయన లొట్టికి?” అడిగింది నవోమి.

ఐలవ్వ అరచేతిలో ఉన్నది చూసుకుంది. తర్వాత డబ్బా మళ్లీ వంచి ఆ కుప్ప మీద ఇంకొంత పోసింది.

“చిన్న లొట్టే. అయినా గింత.”

“అత్తమ్మా,” అంది సుమన.

“ఎందుకు?” నవోమి అప్పటికే కాగితం మీద ఏదో వేసుకుంటోంది. ఆ ఒక్క మాట మాత్రం డాక్టరుగా అడగలేదు.

ఐలవ్వ స్టూలు మీద కూర్చుంది. అరచెయ్యి అలాగే తెరిచి పట్టుకుంది, ఎక్కడ దులపాలో తెలియనట్టు.

“సారా బంద్ అయిన యేడు. సారా తాగేటోళ్లంత కల్లుకొచ్చిన్రు. చెట్లు గవ్వే, మంది నాలుగింతలు. వచ్చినోడు ఓ ముంత తాగి, ఎక్కుతలేదు పొమ్మని లేచిపోవుడు. ఐలయ్య దుకాణం గట్లనే ఖాళీ అయింది. ఎంకవ్వ బరిగె పట్టుకొని ఒక్కతే కూసునేది, కొట్టెతందుకు గూడ ఎవ్వడు రాకపోయె. ఈయన మాత్రం నియ్యత్ నియ్యత్ అని తిరిగిండు. ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతుందో అడగలె. గప్పుడు ఒకాయన తెచ్చిచ్చిండు. నేను కలిపిన. మర్నాడు మంది వచ్చిన్రు. మల్ల లేచిపోలె.”

“మామకు తెల్వదా?” సుమన అడిగింది.

“తెలిస్తే ఆ దినమే దుకాణం మూసేటోడు. ఆయన నాలికె సంగతి నీకెరికే గదా. ఒక్క గుక్కల పట్టేటోడు.” ఆమె మొగుడి మొహం వైపు చూసింది. “గందుకే ముందుగాల ఆయన నాలికెను మార్చిన. ఎవ్వలకు కలపకముందు, నెల దినాలు, ఆయన ఒక్కని లొట్టిలనే కలిపిన. దినాం జరంత. ఆయనకు గదే కల్లు అయినంక, అందరికి కలిపిన.”

చౌరస్తా నుంచి జనరేటర్ మీద మైకు మొదలైంది. ఎవరో పాత పేర్లు చదువుతున్నారు. కోట కింది దుర్గయ్య గౌడ్. పాత బస్టాండు ఐలయ్య గౌడ్. ప్రతి పేరుకూ జోహార్ అని జనం అందుకుంటున్నారు. చివరికి, మన మధ్యనే ఉన్న పెద్దమనిషి, నియ్యత్‌కు ఇంకో పేరు, గాలయ్య గౌడ్ అని వినిపించింది. చప్పట్లు దవాఖానా దాకా వచ్చాయి.

స్వామి గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నాడు. శాలువా ఎప్పుడు కింద పడిందో అతను చూసుకోలేదు.

అతని వెనక సువార్తమ్మ ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్లుగా కంపౌండ్ గేటు దగ్గర గంప పెట్టుకుని ఉడికించిన శనగ గుడాలు అమ్మే మనిషి. పొద్దున గంప దించితే ఐలవ్వ చేతి చాయ్ తాగకుండా బోణీ చేసేది కాదు.

“ఐలవ్వా,” అంది.

ఐలవ్వ తల ఎత్తలేదు.

“మా ఏలీయా తాగుడు ఇడిసిపెడ్తనని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నడో నీకెరికే. మూడు దినాలు ఉండేటోడు. నాలుగో దినం వణుక్కుంట నీ గేటు కాడికి వచ్చేటోడు. నీ మొగనికి సిగ్గులేదే అని నువ్వే నాతోటి అన్నవు. నేను అవునన్న. ఇంటికి పోయి ఆయన్ను చీపురుతోటి కొట్టిన.”

“సువార్తా,” అంది ఐలవ్వ.

“పేరు పెట్టి పిలువకు.” సువార్తమ్మ నవోమి వైపు తిరిగింది. “మేడం, ఆయనకు ఇచ్చినంక గదే సూది మా ఆయనకు గూడ ఇయ్యండ్రి. బయట మల్ల వణుకుతుండు.” ఆ మాట చెప్పి మళ్లీ చాప దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. తిట్టి పోయి ఉంటే ఐలవ్వకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

నవోమి సూదిలో మందు కొంచెం పెంచింది. వెలుతురు వైపు పట్టుకుని చూసి గాలయ్య చేతి నరంలోకి మెల్లగా, చాలా మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టింది. ఒక్కో గీత దిగినప్పుడల్లా ఆగి అతని ఛాతీ వైపు చూసింది. అందరూ ఆ ఛాతీ వైపే చూశారు. అది లేచింది. దిగింది. చాలాసేపు దిగే ఉంది. రత్నాకర్ ఒక అడుగు ముందుకు వేశాడు. మళ్లీ లేచింది.

“నిలబడుతుండు,” అంది నవోమి. “కొలత తెల్వబట్టి నిలబడుతుండు.”

లొట్టి వంచుతున్న చెయ్యి ఆగింది. ముంత పట్టిన చెయ్యి విప్పుకుంది. పెదవుల నీలం కొంచెం కొంచెంగా పోయింది. గాలయ్య ఎండిన నోరు చప్పరించి, కళ్లు మూసుకునే అన్నాడు.

“ఇగో. గిది కల్లు. దుర్గయ్యకు గూడ ఓ ముంత పొయ్యి.”

రత్నాకర్ మొహం గోడకు పెట్టుకున్నాడు. సుమన ఇంకా అత్త వైపే చూస్తోంది. పన్నెండేళ్లు ఒకే పొయ్యి మీద వండిన ఆ మనిషిని తిట్టాలో పట్టుకుని ఏడవాలో ఆమెకు తెలియలేదు.

“చేతులు విప్పొచ్చు,” అంది నవోమి.

సుమన చున్నీ విప్పింది. ఐలవ్వ అరచేతిలోది డబ్బాలోకి వంచేసి చీర పేలిక విప్పింది. మొగుడి మూతి పక్కన జారిన చొంగ చూసి, అలవాటుగా చేత్తోనే తుడిచింది. అరచేతికి ఇంకా అంటుకుని ఉన్న గ్లూకోజు సంగతి ఆమెకు అప్పుడు గుర్తులేదు.

గాలయ్య నాలుక బయటికి వచ్చి పెదవిని తాకింది. ఆగింది. మళ్లీ తాకింది. నొసలు ముడిపడింది. ఒకప్పుడు ముంత ఎత్తి మొదటి గుక్క తాగాక, చెట్టు పేరు చెప్పబోయే ముందు అతని మొహం అలాగే అయ్యేది.

మెల్లగా కళ్లు తెరిచాడు. నిన్న సాయంత్రం తర్వాత మొదటిసారి ఆ కళ్లలో మనిషి ఉన్నాడు. గోడవైపు కాదు, దుర్గయ్య వైపు కాదు, తిన్నగా భార్య వైపు చూశాడు. ఆమె మణికట్టు పట్టుకుని అరచెయ్యి తన మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఐలవ్వా,” అన్నాడు. “ఇండ్ల ఏం కలిపినవే?”